బొమ్మ గీసే ముందు ఒక వానకాలం

కోనసీమలోని మా తాతగారి ఇంటిని బాగుచేయించాలన్న మాట మా కుటుంబంలో పదేళ్ళుగా నలుగుతోంది. క్రిందటేడు వేసవిలో డాలస్‌లో ఉండే మా అన్నయ్య ఒక ఆర్కిటెక్టు చేత త్రీడీ బొమ్మలు గీయించి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడంతో ఆ మాటకు మొదటిసారి ఒక రూపం వచ్చింది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా మీద గాజు కప్పు, దాని కింద తెల్లటి గులకరాళ్ళ మధ్య బుద్ధుడి విగ్రహం, గోడల్లో దాచిన దీపాలు, రెండు వీధి అరుగుల్లో ఒకదాన్ని తీసేసి అక్కడ కారు నిలిపే చోటు. చూసినవాళ్ళందరూ బొటనవేలు పైకెత్తారు, నేనూ ఎత్తాను. ఆ రాత్రి పడుకోబోతూ ఆ బొమ్మను మళ్ళీ పెద్దది చేసి చూస్తుంటే, నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన కప్పుల మీద పడే వాన నీరు ఇందులో ఎటు పోతుందన్న సందేహం పట్టుకుంది.

బొమ్మలో దానికి జవాబు లేదు. గాజు కప్పు చుట్టూ సన్నటి నల్ల గీత ఒకటి ఉంది, బహుశా అదే నీటి దోనె కావచ్చు. ఏడాదికి నాలుగైదు నెలలు తడిసే ఊళ్ళో, నూరేళ్ళు దాటిన ఇంటికి, నీటి సంగతి ఒక సన్నటి గీతతో తేలిపోదు. అప్పటి నుంచి నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. పాత ఇంటి పని బొమ్మతో మొదలుపెట్టకూడదు. కనీసం ఒక వానకాలం ఆ ఇంటిని ఊరికే గమనించాలి. ఖర్చుపెట్టే మొదటి రూపాయి చూడవచ్చినవాళ్ళ కంటికి ఆనని చోటికి పోవాలి. అన్నయ్య దీనికి "వాయిదా వేదాంతం" అని పేరు పెట్టాడు. ఆ పేరులో కొంత న్యాయం ఉందని కూడా ఒప్పుకుంటాను.

పెంకు మీది అంకె

మా ఇల్లు 1865 నాటిదని మా బాబాయిగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. దానికి ఆధారం ఎప్పుడో కప్పు మీద నుంచి జారిన ఒక పెంకు. మన వైపు బెంగుళూరు పెంకు అని పిలిచే ఆ ఎర్రటి పలక వెనుక బేసెల్ మిషన్ టైల్ వర్క్స్ అన్న ఇంగ్లీషు అక్షరాలూ, 1865 అన్న అంకే అచ్చొత్తి ఉన్నాయి. పెంకు పేరులో బెంగుళూరు ఉన్నా అది పుట్టింది మంగళూరులో. ఆ అంకె కూడా పెంకు తయారైన సంవత్సరం కాదు, అక్కడ బేసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారం పెట్టిన సంవత్సరం. ఇంటి అసలు వయసు పంపకాల దస్తావేజుల్లో దొరికింది. 1903 నాటి కాగితంలో అది ఖాళీ స్థలం, 1914 నాటి కాగితంలో "పెంకుటిల్లు సహా". ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక రెండు మూడు తరాల్లో వరి డబ్బు మీద డెల్టా అంతటా లేచిన లోగిళ్ళలో అదీ ఒకటన్నమాట. ఇంటి వయసు నలభై, యాభై ఏళ్ళు తగ్గినందుకే బాబాయిగారు నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

వయసు తేల్చుకోవడం పంతం కోసం కాదు. దస్తావేజులతో పాటు పాత జమాఖర్చు పుస్తకాలు కూడా తిరగేస్తే, ఈ ఇల్లు ఏ ఒక్క సంవత్సరానిదీ కాదని తెలిసింది. పడమటి కప్పు 1950ల దాకా కుమ్మరి పెంకే. పడసాలలోని ఎర్ర గచ్చు మా నాన్నగారి పెళ్ళికి వేయించినది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు తూర్పు కప్పు చాలావరకు లేచిపోతే, టేకు వాసాల స్థానంలో ఆ వారంలో చేతికందిన తాటి వాసాలు వేశారు. వాటిలో చేవదేరినవి కొన్నే, మిగిలినవి ఇప్పుడు చెదలకు ఆహారం. వంటింటి గోడ మీద 1986 ఆగస్టు వరద నీరు నిలిచిన ఎత్తును మా పెద్దనాన్నగారు మేకుతో గీసి తేదీ వేశారు. మా ఇంట్లో ఇంతకన్నా నమ్మదగిన చరిత్ర పత్రం లేదని నా అభిప్రాయం.

"యథాతథంగా పునరుద్ధరించాలి" అనే మిత్రులు నాకు ఉన్నారు. ఏ ఏటికి యథాతథం అన్న ప్రశ్న దగ్గర వాళ్ళ వాదం ఆగిపోతుంది. 1914కు అయితే కరెంటు తీసేయాలి, ఎర్ర గచ్చు తవ్వేయాలి, వరద గీత చెరిపేయాలి. నేను కోరేది అది కాదు. ఇంతకుముందు మరమ్మతులు చేసినవాళ్ళు ఎక్కడ ఇంటి స్వభావం తెలిసి చేశారో, ఎక్కడ తొందరలో చేశారో తెలుసుకోవాలని మాత్రమే కోరుతున్నాను.

నాలుగడుగుల సిమెంటు

తొందరలో చేసినదానికి ఉదాహరణ మా పడసాల గోడ. 1986 వరద తీశాక గోడలు అడుగు నుంచి చెమ్మ పట్టాయి. అప్పట్లో ఊరంతా చేసిన పనే మా పెద్దనాన్నగారూ చేశారు. పాత సున్నపు పూత గీకించి, నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించారు. రెండేళ్ళు గోడ పొడిగానే కనబడిందట. మూడో ఏట చెమ్మ ఆ నాలుగడుగుల గీత దాటి పైన తేలింది. పూతను ఆరడుగులకు పెంచారు. ఇప్పుడు చెమ్మ ఏడడుగుల ఎత్తున, తాతగారి ఫొటో వెనుక ఉంది.

క్రిందటి జూన్‌లో ఒక పెద్ద వయసు తాపీమేస్త్రిని పిలిచి ఒక జానెడు మేర పూత తీయించాను. ఆయన ముందు తాపీ పిడితో గోడ పొడవునా తట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట టక్కుమంది, పక్కనే గుల్లగా మోగింది. గుల్లగా మోగిన చోట ఉలి పెట్టగానే అంగుళం మందాన సిమెంటు పెచ్చు అప్పడంలా ఊడివచ్చింది. దాని లోపలి ముఖాన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. వెనుక ఇటుకను ఆయన బొటనవేలితో రుద్దితే తడి బెల్లపు కోరులా అరచేతిలో రాలింది. ఏమీ వివరించకుండా ఆ పొడిని నా చేతిలో పోసి, "ఇదండీ మీ గోడ" అన్నాడు.

ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ, ఆయన చెప్పినదీ కలిపి చెబుతాను. ఆ కాలపు ఊరి బట్టీ ఇటుక మెత్తన. పునాదిలో చెమ్మను ఆపే పొర లేదు, కాబట్టి నేల నీరు గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ ఆపలేదు, ఆపాలని అనుకోనూ లేదు. పద్దెనిమిది అంగుళాల గోడలోకి ఎక్కిన నీరు సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమట పట్టిన ఒంటికి రెయిన్‌కోటు తొడిగినట్టు, లోపలి తడి లోపలే ఉండి, బయటపడే చోటు వెతుక్కుంటూ పైకి ఎక్కింది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనుక గడ్డకట్టి ఇటుకను పేల్చింది. గానుగలో రుబ్బిన డంగు సున్నం ఇటుక కన్నా మెత్తన కాబట్టి, చెడితే పూత చెడుతుంది, ఇటుక మిగులుతుంది. చెడిన పూతను పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మళ్ళీ వేసుకోవచ్చు. సిమెంటు గట్టిది కాబట్టి అది మిగిలి ఇటుక పోయింది.

ఇక్కడ నా మీద నాకే అనుమానం ఉంది. సున్నం గురించి మాట్లాడేటప్పుడు నాలాంటి పట్నవాసులకు ఒక పరవశం వస్తుంది. నేను హైదరాబాదులో నివసించే అపార్టుమెంటు నిలబడి ఉన్నది సిమెంటు మీదే, దానితో నాకు తగాదా లేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, పూతకు పూతకు మధ్య రోజులు ఆగాలి, ఆ రోజులన్నీ తడుపుతూ ఉండాలి. కూలి పెరుగుతుంది, పని తెలిసినవాళ్ళు దొరకరు. గానుగ తిప్పే ఎద్దుల కాలం పోయింది, ఇప్పుడు యంత్రంలో రుబ్బుతున్నారు. మా మేస్త్రి కూడా సున్నం పని చిన్నతనంలో తండ్రి వెనుక నిలబడి చూసినదే. "సున్నంలో బెల్లం, కరక్కాయ కలపాలని అందరూ చెబుతారండి, కరక్కాయ ఎన్నాళ్ళు నానాలో ఎవరూ చెప్పరు" అని ఆయన నవ్వాడు. అందుకే మొత్తం ఇల్లు కాక, ముందు దొడ్డివైపు గోడ ఒక్కదాని మీద ప్రయత్నించి ఒక ఏడాది చూద్దామని అనుకున్నాం.

గిన్నెలూ, రూళ్ళ పుస్తకమూ

జులైలో రెండు వారాలు సెలవు పెట్టి ఆ ఇంట్లో ఉన్నాను. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం, సుద్దముక్క, టార్చిలైటు నా సామాను. వాన మొదలవగానే ఎక్కడ చుక్క పడితే అక్కడ గిన్నె పెట్టి, నేల మీద సుద్దతో సున్న చుట్టి, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసుకునేవాణ్ణి. పెద్దమ్మ ఈ వ్యవహారాన్ని రెండు రోజులు ఓపికగా చూసి, "ఇంత చదువూ చదివింది గిన్నెలు లెక్కపెట్టడానికా" అంది.

పదకొండు చోట్ల కారుతోందని తేలింది. మూడు చోట్ల పైన చూస్తే పెంకు నిక్షేపంగా ఉంది. నీరు ఎక్కడో దిగి, వాసం అడుగు భాగాన్ని పట్టుకుని ఐదారడుగులు నడిచి, ముడి ఉన్న చోట చుక్కగా జారుతోంది. ఆరు చుక్కలకు మూలం మండువా మూలల్లో రెండు వాలులు కలిసే చోట వేసిన జింకు రేకు దోనెలే. అవి తుప్పుపట్టి జల్లెడ అయ్యాయి. పైకెక్కినవాడు ఆ రేకులు చూసి, "కప్పంతా తిరగనేయక్కరలేదండి, ముందు ఈ నాలుగు మూలలూ చూడండి" అన్నాడు. అంతకుముందు ఒక కాంట్రాక్టరు పెంకు మొత్తం తీసేసి శ్లాబు పోయమని సలహా ఇచ్చి ఉన్నాడు. ఐదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది. బెంగుళూరు పెంకు 50 కిలోల లోపే. బొటనవేలికి రాలిపోయే ఇటుక మీద ఆ బరువు పెడదామన్న మనిషి గోడను ఒక్కసారైనా తట్టి చూడలేదు.

అయితే నా అభిప్రాయాన్ని నిజంగా గట్టిపరచింది మండువా తూము. ఈశాన్యపు స్తంభం ఒక అంగుళం కుంగింది. దూలం పుచ్చిపోయిందని అందరం నమ్మాం, బొమ్మ గీసినవారు అక్కడ ఇనుప స్తంభం చూపించారు. వానలో కూర్చుని చూస్తే, మండువాలో పడిన నీరు నాలుగు గంటలైనా చీలమండ లోతున నిలబడే ఉంది. తూము పడసాల కింద నుంచి పెరట్లోకి పోతుందని పెద్దమ్మకు గుర్తుంది కానీ, పెరట్లో దాని మూతి కనబడలేదు. వెతగ్గా వెతగ్గా, ఎప్పుడో మోటారు బిగించినప్పుడు వేసిన సిమెంటు చప్టా కింద దొరికింది. మూతి సగానికి పైగా మూసుకుపోయింది. బయటికి పోలేని నీరు ఏళ్ళ తరబడి స్తంభపు రాతి పక్కన నేలలోకి ఇంకుతోంది. చప్టా పగలగొట్టి, వెదురు బద్దతో తూము పొడిపించడానికి ఇద్దరు మనుషుల ఒక రోజు కూలి అయింది. మర్నాటి వానకు నీరు గుడగుడమని పది నిమిషాల్లో పోయింది. ఆ చప్పుడుకు పెద్దమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి తూము దగ్గర నిలబడింది.

అన్నయ్య బొమ్మ ప్రకారం పని జరిగి ఉంటే, మెత్తబడిన నేల మీద ఇనుప స్తంభం నిలబడేది, మూసుకుపోయిన తూము మీద బుద్ధుడు కూర్చునేవాడు. పైగా మండువా ఇంటికి చిమ్నీలాంటిది. వేడిగాలి పైకి పోయేది అందులోంచే. మే నెలలో దాని మీద గాజు మూత పెట్టిన ఇంట్లో ఒక మధ్యాహ్నం పడుకోమని నేనెవరికీ సలహా ఇవ్వను.

జారకుండా ఉండే ఇల్లు

ఇంతవరకు నా వాదం నాకు సాఫీగానే నడిచింది. దానికి అడ్డం పడినది పెద్దమ్మ. ఆమెకు 78 ఏళ్ళు, పనిమనిషి సాయంతో ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. స్నానాల గది పెరటి చివర, తడిసిన రాళ్ళ మీద నలభై అడుగుల దూరంలో ఉంది. ఒక వానకాలం ఆగి చూద్దామని నేను చెబుతుంటే విని, "నువ్వు నెలకోసారి వచ్చి చూసే ఇల్లు అందంగా ఉండాలి. నేను రోజూ ఉండే ఇల్లు కాలు జారకుండా ఉండాలి. అంతేరా" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. గమనిస్తూ కూర్చోగలగడం, వేరే ఇంట్లో నివసించేవాడికి ఉన్న సౌకర్యం. కాబట్టి నా సూత్రాన్ని సవరించుకున్నాను: మనిషికి ప్రమాదమైనవీ, మీద పడేవీ ఆగవు. గొడ్లసావిడి వైపు వంగిన దూలానికి ఆ వారమే తాటి దుంగ ఊతంగా పెట్టించాం. స్నానాల గది పని ఆగస్టులోనే మొదలుపెట్టాం. ఎక్కడ కట్టాలన్న దగ్గర మాత్రం పట్టుబట్టాను. పాత పడకగదిలోనే ఒక మూల గోడ పెట్టి స్నానాల గది చేద్దామని అందరూ అన్నారు. అప్పుడు నీటి గొట్టాలన్నీ పాత గోడల్లోంచే పోతాయి, అవి ఎప్పటికైనా కారతాయి, కారినప్పుడు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అందుకని ఉత్తరపు వసారా చివర, పాత పునాదిని తాకకుండా, వేరే పునాది మీద సిమెంటు ఇటుకలతోనే కొత్త గది కట్టి, మధ్యలో చూరు దించి దారి కలిపాం. అది కొత్తదిగానే కనబడుతుంది, దానికి పాత వేషం వేయలేదు. గడపలు కోయించకుండా రెండు వైపులా చెక్క వాలుబల్లలు పెట్టించాం. వాటి మీద పెద్దమ్మ కన్నా పిల్లులు ఎక్కువ నడుస్తున్నాయి.

అరుగు

కారు కోసం అరుగు తీసేయవద్దని నేను గట్టిగా వాదించాను. వారసత్వం, వీధి ముఖం, అరుగు మీద పెద్దల కబుర్లు అంటూ వాట్సాప్‌లో పొడుగాటి సందేశం రాశాను. తరువాత ఊళ్ళో ఒక మాస్టారితో మాట్లాడుతుండగా ఈ ప్రస్తావన వచ్చింది. ఆయన తాతగారు మా పొలాల్లో పాలేరు. "మా తాత ఆ అరుగు పక్క దాకానే వచ్చేవాడండి. మండువా లోపల ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది మీ పెద్దనాన్నగారు పోయినప్పుడు" అన్నారు, ఏ కోపమూ లేకుండా. పెద్దల కబుర్లు అని నేను రాసిన సందేశం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ప్రతి గుమ్మానికీ, ఎవరు ఎక్కడ ఆగాలన్న ఒక లెక్క ఉండేది. దొడ్డిగుమ్మం పక్కన ధాన్యం కొలిచి పోసే రాయి ఇంకా ఉంది, ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు వేరుగా కూర్చున్న చీకటి గదీ ఉంది. మనం కాపాడతామంటున్న అందంలో ఆ లెక్క కూడా కలిసి ఉంది. అరుగు పడగొట్టి కారు నిలిపితే ఆ లెక్క సరిపోతుందని మాత్రం నాకు అనిపించదు. అరుగు తీయనా ఉంచనా అని మాస్టారినే అడిగాను. "ఉంచండి, బస్సు కోసం నిలబడేవాళ్ళు కూర్చుంటారు" అన్నారు. నా పొడుగాటి సందేశం కన్నా ఈ కారణం నాకు నచ్చింది.

డబ్బు సంగతి కూడా దాచను. ఇలాంటి ఇళ్ళను కాపాడే బాధ్యత చట్టం మీద వేయలేం. దేశం మొత్తం మీద కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే సుమారు 3,700 కట్టడాలు; ఒక పల్లెటూరి లోగిలి ఆ జాబితా దరిదాపులకు కూడా రాదు. సెప్టెంబరులో పాత సామాను కొనే వ్యాపారి ఒకడు వచ్చి, టేపు తీసి, పదహారు స్తంభాలూ, సింహద్వారమూ కొలుచుకున్నాడు. గోడల వైపు, కప్పు వైపు అతని చూపే పోలేదు. తమిళనాడులోని కారైకుడి పాత సామాను అంగళ్ళలో ఇలా విడివిడిగా నిలబెట్టిన స్తంభాలను నేను చూశాను. వాటి కింది రాతి దిమ్మెలు కూడా వేరే ధరకు అమ్ముతారు. అతను చెప్పిన మొత్తం మా మొదటి ఏడాది అంచనా కన్నా ఎక్కువ. ఆరుగురు వాటాదార్లలో ఒకరు అమ్మేద్దామన్నారు, ఒకరు ఆలోచిద్దామన్నారు. మిగిలిన నలుగురిలో నేనొకణ్ణి, కానీ నా పిల్లల ఫీజుల నెలలో అతను వచ్చి ఉంటే ఏమనేవాణ్ణో చెప్పలేను.

ప్రస్తుతానికి మొదటి ఏడాదికి ఒప్పుకున్న పనులు ఇవి. నాలుగు మూలల దోనెలు, తూర్పు కప్పు వాసాలు, తూము, కరెంటు తీగలను గోడలు తవ్వకుండా పైనుంచే గొట్టాల్లో నడపడం, పడసాలలో సిమెంటు పూత మొత్తం తీసేయడం. పూత తీశాక గోడలు ఆరడానికి కనీసం ఒక ఎండాకాలం అలాగే వదిలేయాలని, ఆ తరువాతనే సున్నమని మేస్త్రి ఖచ్చితంగా చెప్పాడు. చిక్కు అక్కడే వచ్చింది. అన్నయ్య కూతురి పెళ్ళి ఫిబ్రవరిలో ఆ ఇంట్లోనే చేయాలని నిశ్చయమైంది, దండల మార్పిడి ఫొటోలు పడసాలలో తీస్తారట. ఆ ఫొటోల వెనుక గోడ పూత లేకుండా, ఎర్రగా, అక్కడక్కడా ఉప్పుతో ఉంటుందని నేను రాశాను. రెండు వారాలైనా అన్నయ్య జవాబివ్వలేదు. పెద్దమ్మకు ఫోనులో చెబితే, ఎలాగూ పెళ్ళికి అరటిచెట్లు తెస్తారు కదా, రెండు ఎక్కువ తెప్పించి ఆ గోడకు అడ్డంగా కట్టిద్దాం అంది.